రాయి కింద పిడికెడు బొగ్గులు

చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నాను. చేసింది ఆయన కూతురు. "అక్కా, పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగినాడు. మళ్ల లేయలేదు" అంది. మనిషన్నాక అయ్యో అనాలి కదా. నాకు మొదట ఏడుపు రాలేదు, భయమేసింది. ఇంకో మూడు రోజుల్లో సర్వే ఉంది. వంక అవతల హద్దురాయి ఉండిన చోటు తెలిసినవాళ్లు ఇక నేనొక్కదాన్నే. జిగురు సీసాకు మూత పెట్టాను. ఆ తర్వాతే బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఏది ముందు, ఏది వెనక అన్నది మార్చకుండా రాస్తున్నాను. ఆయన గురించి రాసేటప్పుడు లెక్క మార్చకూడదు.

మీకు ఆయన తెలియదు. మాకు రక్తసంబంధమూ లేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, మా కాలనీలో, మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. సర్వే డిపార్టుమెంటులో చైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి కొలిచే ఇనుప గొలుసును ఎండనకా బురదనకా లాక్కుంటూ నడవడం ఆయన పని. గొలుసు అరవై ఆరు అడుగులు. ఆ గొలుసు చేతిలోంచి పోయినా బుర్రలోంచి పోలేదు. "బస్టాపు దగ్గరేనా చిన్నాయనా?" అని కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే, "దగ్గరా దూరమా నాకు తెల్దప్పా. ఐదు గొలుసులు" అనేవాడు. "సుమారుగా" అన్న మాట వింటే ఒళ్లు మండేది ఆయనకు. కూరలో ఉప్పు సుమారుగా వేశానని ఒకసారి నేనంటే, తిన్నంతసేపూ నా వైపు అనుమానంగా చూశాడు.

హద్దురాళ్లంటే ప్రాణం. ఎవరైనా అలసిపోయి రాయి మీద కూర్చుంటే, "ల్యా, ల్యా, అది కుర్సీ కాదు" అని లేపేవాడు. వానలకు ముందు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి ఇస్త్రీ చొక్కా విప్పి, సున్నం బకెట్టు పట్టుకుని బయల్దేరేవాడు. చుట్టుపక్కల ఉన్న ప్రతి రాయికీ సున్నం కొట్టేవాడు. ఆ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ఇంకా డ్యూటీలోనే ఉన్నావా చిన్నాయనా?" అని ఆటపట్టించేదాన్ని.

"రాయి నడుసుకుంటా వచ్చి, నేనీడుండా అని సెప్పదు కదా పాపా. మనమే కనపడేతట్ల సేయాల."

"రాత్రికి రాత్రి ఎవడన్నా పీకేస్తే?"

"పీకనీ. రాయి పాతేకి ముందు గుంతలో పిడికెడు బొగ్గులు ఏస్తాం. రాయిని పీకొచ్చు, బొగ్గును పీకనీకి కాదు. కుళ్లదు, సెద పట్టదు. నూరేండ్లయినా ఆడ్నే ఉంటాది."

అప్పుడు నవ్వుతూ విన్నాను. అంత అవసరం పడుతుందని అనుకోలేదు.

మా కాలనీకి ఆనుకుని వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి మేకలు తిరుగుతుంటాయి. పైన గట్టి వాన పడితే మాత్రం గంటలో నిండుతుంది. ఒక ఏడాది గట్టు దాటి ఇళ్లలోకి వచ్చింది. నా కూతుర్ని బీరువా మీద కూర్చోబెట్టి నేను నడుములోతు నీళ్లలో నిలబడ్డాను. గిన్నెలు తేలుతూ ఒకదానికొకటి తగిలే చప్పుడు, ఇప్పటికీ మొదటి చినుకు పడగానే నా చెవుల్లో మొదలవుతుంది.

ఆ వంకకు అవతలి గట్టున యూనివర్సిటీ క్రీడా ప్రాంగణం కడుతోందని తెలిసినప్పుడు కాలనీలో అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. ఆ యూనివర్సిటీలోనే నాది కాంట్రాక్టు ఉద్యోగం. పరుగుల ట్రాకు, గ్యాలరీ, ఈతకొలను అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. తర్వాత బుల్డోజర్లు దిగాయి. కంపచెట్లు పోయాయి, జమ్ముగడ్డి పోయింది, అవతలి హద్దురాయి కూడా మట్టిలో కలిసిపోయింది. ప్రహరీ గోడకు పాతిన ఎర్రజెండాలు చూసి నిలబడిపోయాను. అవి గట్టు మీద లేవు. వంకలోకి వచ్చేశాయి. గోడ అక్కడ లేస్తే నీళ్లకు మిగిలే దారి మా ఇళ్లే.

అడిగితే అధికారులు మ్యాపు చూపించారు. కాగితంలో వంక వెడల్పు మూడు గొలుసులు. అంత వదిలే కడుతున్నాం అన్నారు. ప్రాంగణం కడుతున్న పొలాలను వ్యవసాయ జోన్ నుంచి మార్చడానికి అభ్యంతరాలుంటే సభలో చెప్పమని నోటీసు అంటించారు.

ఆ నోటీసూ మ్యాపూ ఒక మధ్యాహ్నం చిన్నాయనకు చదివి వినిపించాను. మూడు అన్న అంకె మీద వేలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. లోపలికి పోయి చెంబుడు నీళ్లు తాగి వచ్చాడు.

"పాపా, ఈ మూడు నాదే."

నాకు అర్థం కాలేదు. ఆయన నేల మీద గీతలు గీసి చెప్పాడు. కొలిచేటప్పుడు ముందు నడిచేవాడు గొలుసు అందిన చోట ఒక ఇనుప పుల్ల గుచ్చుతాడు. వెనక వచ్చేవాడు దాన్ని పీకి చేతిలో పెట్టుకుంటాడు. చివరికి వెనకవాడి చేతిలో ఎన్ని పుల్లలుంటే అన్ని గొలుసుల లెక్క. ఆ రోజు వెనకవాడు చిన్నాయన.

"జమ్ములో నాగుబాము పడగెత్తె. ఎగిరి దుంకి అవతల పడితి. పుల్ల ఆడ్నే ఉండిపాయ. గట్టెక్కినాక సర్వేయరు ఎన్నంటే, సేతిలో సూసుకుని మూడు సార్ అంటి. అన్నాక యాదికొచ్చె. ఆయప్ప శానా కోపిష్టి. ఎండ మండుతాండాది. లెక్క తప్పింది సార్, మళ్ల కొలుస్తాం అననీకి నోరు రాల్యా. తెల్లారి ఒక్కన్నే పోయి పుల్ల పీక్కొస్తి."

ట్రంకుపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన పుల్ల తెచ్చి చూపించాడు. మూరెడు లేదు, తుప్పు పట్టి ఉంది. నలభై ఏళ్లుగా భార్యకు కూడా చెప్పలేదట. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఉద్యోగం పోతుందని భయం. తర్వాత పింఛను ఆపేస్తారని, జైల్లో వేస్తారని భయం. ఇప్పుడేమో కాలనీవాళ్లకు తెలిస్తే మొహాన ఉమ్మేస్తారని భయం. ఏటా ఆ రాళ్లకు సున్నం ఎందుకు కొట్టేవాడో నాకు ఆ రోజు తెలిసింది.

అయినా సభకు వచ్చాడు. క్యాంపస్‌లో షామియానా వేశారు. ఒక పక్క కాలనీవాళ్లు కింద, ఇంకో పక్క మా స్టాఫ్ కుర్చీల్లో. కాలనీవాళ్లు రాసిన అభ్యంతరాల కాగితం మీద నేను సంతకం పెట్టలేదు, పైగా ఆ కుర్చీల్లో కూర్చున్నాను. చిన్నాయన మైకు దగ్గరికి పోయి పుల్ల పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎంత వణికిందంటే పుల్ల మైకుకు తగిలి టకటకమని మోగింది. "వంక నాలుగు గొలుసులు సార్. తప్పు నాది" అన్నాడు. ఎవరో "ముసలాయనకు మతి తప్పింది" అని అరిచారు. నవ్వారు. మా పై ఆఫీసరు తల తిప్పి, మీ పక్కింటాయనేనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల దించుకుని చెప్పుల పట్టీ సర్దుకున్నాను. నేను పిరికిదాన్ని. ఇది వినయంతో రాస్తున్న మాట కాదు.

నవ్వులు ఎలా ఉన్నా డివిజన్ అధికారి ఆయన మాట రాయించుకున్నారు. మళ్లీ కొలవమని అక్కడే ఆదేశించారు. అవతలి రాయి ఎక్కడుండేదో చూపించే బాధ్యత చిన్నాయనదే.

ఆ సాయంత్రం ఆయన మొహం చూడలేక తలుపేసుకున్నాను. గోడ అవతలి నుంచి పిలిచాడు.

"భయపడినావా పాపా?"

"క్షమించు చిన్నాయనా."

"నలభై ఏండ్లు భయపడినోన్ని నేను. నన్నడుగుతావా క్షమాపణ? గొలుసు పట్టుకున్నోనికి కాళ్లు వణుకుతాయి పాపా. వణకనీ. నిలబడిన సోటు మాత్రం వదలగూడదు."

మర్నాడు నన్ను వంక దగ్గరికి తీసుకుపోయాడు. కల్వర్టు గోడ మూల నుంచి, ఆదోని కొండ మీది నెర్రెను సూటిగా చూస్తూ నడవమన్నాడు. ఒక చోట ఆపి, కంకర మీద కాలితో గీత గీశాడు. "నా అడుగులు నీకు పనికిరావు. నీవి లెక్క పెట్టుకో" అన్నాడు. మూడుసార్లు నడిపించాడు. మూడుసార్లూ నూట ముప్పై ఎనిమిది. నాకెందుకు చిన్నాయనా, నువ్వున్నావు కదా అని విసుక్కున్నాను. "ఉంటా, ఉంటా" అన్నాడు. తర్వాత మూడు వారాలు కూడా లేడు.

మట్టి చేసి వచ్చాక ఆయన కూతురు ఆ పుల్ల నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసి పుల్లను సంచిలో పెట్టుకున్నాను.

సర్వే రోజు సెలవు పెట్టి పోయాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. వంక దగ్గర కుర్ర సర్వేయరు, ఆయన పరికరం, కాంట్రాక్టరు మనుషులు, మా ఆఫీసు నుంచి ఇద్దరు. కాలనీ జనం ఇవతలి గట్టు మీద. "చూపించేవాళ్లు ఎవరు?" అని సర్వేయరు అడిగాడు.  చెయ్యెత్తాను. కాంట్రాక్టరు మనిషి ఒకడు వెంటనే ఫోన్ తీసి నా ఫొటో తీశాడు.

కల్వర్టు మూల నుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు. ఆ ఫోన్ నా పక్కనే నడుస్తోంది. డెబ్బై దాటాక, "ఉద్యోగం చేసేది మా దగ్గర, మాట్లాడేది వాళ్ల తరఫున" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎనభై మూడా, ఎనభై నాలుగా? తెలియలేదు. ఒక్క అడుగే కదా, సుమారుగా పోదామనిపించింది. అందరి ముందూ తప్పానని చెప్పడం కన్నా చచ్చిపోవడం నయమనిపించింది. ఆ రోజు సర్వేయరు ముందు చిన్నాయన ఎలా నిలబడి ఉంటాడో అప్పుడు తెలిసింది నాకు. పాము ఎవరినైనా భయపెడుతుంది. ఆయన్ను నలభై ఏళ్లు పట్టుకున్నది ఆ తర్వాతి క్షణం.

"లెక్క తప్పింది సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మళ్లీ మొదలుపెడతాను."

కొందరు నవ్వారు. వెనక్కి నడిచి కల్వర్టు మూల తాకి, ఈసారి పైకే లెక్కపెడుతూ వచ్చాను.  నూట ముప్పై ఎనిమిది దగ్గర పుల్ల గుచ్చాను. "ఈడ తవ్వండి."

పైనున్న కంకరను పారతో తీశారు. బుల్డోజర్లు పోసిన మట్టి వచ్చింది. కింద ఎర్రమట్టి వచ్చింది. ఇంకా తవ్వారు, మళ్లీ ఎర్రమట్టే. కాంట్రాక్టరు మనిషి చేతి గడియారం చూసుకున్నాడు.  అప్పుడు గడ్డపార కొనకు నల్లగా అంటింది. సర్వేయరు గుంతలోకి దిగి, వేళ్లతో తీసి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. బొగ్గులే. అక్కడి నుంచి ఇవతలి రాయి దాకా కొలిస్తే నాలుగు గొలుసులు తేలాయి. గట్టు మీద మావాళ్లు ఒక్కసారిగా అరిచారు. నాకు అరవాలనిపించలేదు. చిన్నాయన చూడాల్సింది అనిపించింది.

ఇంతటితో ఏదీ తేలిపోలేదు. కొలత పైకి పోయింది, ఉత్తర్వు రాలేదు. ఎర్రజెండాలు ఇంకా ఎక్కడివి అక్కడే ఉన్నాయి. సోమవారం నన్ను ఆఫీసుకు వచ్చి కలవమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. నా కూతురు బడి నుంచి పావుగంట ఆలస్యమైతే వీధి చివరకు పరుగెత్తుతున్నాను.

నిన్న చిన్నాయన సమాధి దగ్గర రాయి నిలబెట్టారు. చిన్న రాయి, మీద శిలువ గుర్తు. గుంత తీశాక చెల్లి, అదే ఆయన కూతురు, కొంగు విప్పింది. ఇంటి పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గులు. ఇద్దరం చెరో పిడికెడు వేశాం. పాస్టరుగారు వింతగా చూశారు. రాయి దించి, మట్టి తొక్కి, చెల్లి దానికి సున్నం కొట్టింది. పైన, వంక పుట్టే వైపు, మబ్బు దిగుతోంది. బొగ్గంటిన నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. మొదటి చినుకు తెల్లటి రాయి మీద పడింది, నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను.