కునుకు తీసే డిస్కు

ఒక హార్డ్ డిస్కును నమ్మి ధర్మవరంలో నా పరువు ఎలా తీసుకున్నానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి, ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

రెండువేల పదికి కాస్త ముందు మాట. అనంతపురంలో నాదొక కంప్యూటర్ షాపు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి చెన్నప్పన్న, పెళ్లిచీరలు దాచే వెనకగదికి కెమెరా పెట్టమన్నాడు. రికార్డింగు మిషన్‌లోకి డిస్కు నేనే ఎంచాలి.

బెంగుళూరు డీలరు ఫోన్లోనే మొత్తుకున్నాడు. "వీడియోకైతే ఆగకుండా తిరిగే డిస్కులు వేరే ఉంటాయి సార్, అవి తీసుకోండి."

నేను వింటానా? ఇడ్లీకొక ప్లేటు, వడకొక ప్లేటు ఉంటుందా! పని లేనప్పుడు నిద్రపోయి కరెంటు మిగిల్చే డిస్కు కొన్నాను. కరెంటు రావడమే పండగైన మన జిల్లాకు అంతకంటే ఏం కావాలి? పైగా గదిలో ఎవరైనా కదిలితేనే రికార్డయ్యేలా పెట్టాను.

"ఈగ దూరినా దొరికిపోతాదన్నా!" అని కోతలు కోశాను.

పది రోజులకే ఫోను. "ఏమప్పా, పెండ్లి చీర పోయినాది. బిన్నా రా!"

వెళ్లేసరికి ఎస్సై కుర్చీలో ఉన్నాడు. చీరలు మడతపెట్టే రామక్క మూలన ఏడుస్తోంది.

"ఆ గదిలోకి పోయేది ఈమొక్కతే సార్," అన్నాడు చెన్నప్పన్న.

"పద్నాలుగేండ్లుగా ఈడే చేస్తాండా. దారప్పోగు కూడా ముట్టలేదు సార్," అంది రామక్క.

నేను కాలర్ సర్దుకుని వీడియో వేశాను. రామక్క వట్టి చేతులతో అన్నానికి వెళ్లిపోతోంది. చీర బల్ల మీదే ఉంది. రామక్క కళ్లు తుడుచుకుంది. అందరం ముందుకు వంగాం.

తర్వాతి వీడియోలో బల్ల ఖాళీ. గుమ్మం దాటుతున్న తెల్లఖద్దరు చొక్కా వీపు, చంకలో మూట.

"ముఖం యాడప్పా? లోపలికొచ్చింది యాడ?" అన్నాడు ఎస్సై.

అప్పుడు వెలిగింది నాకు. గది ఖాళీ కాగానే నా డిస్కు పడుకుంది. మనిషి రాగానే కెమెరా లేపింది. అది భోజనం తర్వాత సర్కారు గుమాస్తాలా ఆవులించి, ఒళ్లు విరుచుకుని, రాయడం మొదలెట్టేలోపు దొంగతనం పూర్తయింది.

గంజి పెట్టిన ఆ వీపు ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. ప్రతి సభలో వేదిక మీద మొదటి కుర్చీలో ఉండే వీపది.

"వీపు మీద కేసు రాయలేనప్పా," అన్నాడు ఎస్సై, పరీక్ష వాయిదాపడ్డ పిల్లాడి ముఖంతో లేస్తూ.

చెన్నప్పన్న తల దించుకున్నాడు. "తప్పు మాట అనేసినా రామక్కా. పనిలోకి పోమ్మా."

సిగ్గుతో చచ్చి, "అన్నా, రేపే నిద్రపోని డిస్కు తెచ్చి పెడతా," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దప్పా! అన్నీ చూసేదాన్ని పెట్టుకోని ఈ ఊర్లో నేను యాపారం ఎట్ల చేసేది? యాడ కండ్లు మూసుకోవాల్నో నీ మిషన్‌కు బాగా తెలుసు. అట్లే ఉండనీ."

కీబోర్డు మీద చెయ్యేసి అక్కడే ప్రమాణం చేశాను: నిద్రపోయే డిస్కును ఈ జన్మలో ఇంకెవరి కెమెరాకూ బిగించను. అడిగి మరీ బిగించుకునేవాళ్లకు తప్ప.

ఆ నెలలోనే ముగ్గురు అడిగారు.