మునిరాజ్‌కు దొరికిన కళానిధి

రాయకోట చుట్టుపక్కల పల్లెల్లో మునిరాజ్ పేరు రెండు సంగతులకు చెప్పుకుంటారు. ఎండాకాలం భారతం ఆడించే ఊళ్లలో, ఆఖరిరోజు నేలమీద పడుకోబెట్టే మట్టి దుర్యోధనుణ్ణి ఆయన చేసినట్టు మరొకరు చేయలేరన్నది ఒకటి. రెండోది ఆయన నోరు. ఆ నోటినుంచి ఒక మనిషి గురించి మంచిమాట విన్నవాళ్లు ఇంతవరకూ లేరు. పక్కచేనిలో టమాటా విరగకాస్తే, "మందు కాయించింది, ఆయప్ప కాయించినాడా?" అనేవాడు. పిల్లనిచ్చిన మామ పోయినప్పుడు పాడె మోస్తూ, "బతికినన్నాళ్లూ ఈయప్ప మాటకు బరువు లేదు, చచ్చినాక ఇంత బరువెట్ల వచ్చింది?" అన్నాడు. ముందు కొరివికుండ పట్టుకుని నడుస్తున్న బామ్మర్ది ఆ రోజునుంచి ఈ రోజువరకూ ఆయన గడప తొక్కలేదు.

భారతం చివరిరోజు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఊరి బయట మిట్టమీద కుంటమట్టి తోలి, తొక్కి, లారీ అంత పొడుగున దుర్యోధనుణ్ణి వెల్లకిలా పరుస్తారు. కోరమీసం, ఉరిమే కళ్లు. తొడలో ఎర్రనీళ్ల కుండ దాస్తారు. పొద్దున వేషగాళ్లు వస్తారు. దుర్యోధన వేషం ఆ మట్టిమనిషి ఒంటిమీదే పరుగెత్తుతాడు, భీముడు తరుముతాడు. గద పడుతుంది, కుండ పగులుతుంది, ద్రౌపది ఆ ఎరుపులో జుట్టు ముంచి ముడి వేసుకుంటుంది. ఆ మరుక్షణం జనం మీదపడి పిడికెడు మన్ను తీసుకుపోయి చేలల్లో చల్లుకుంటారు. కాసేపటికి అక్కడ గుంట తప్ప ఏమీ ఉండదు.

అది అందరికీ పండగ. మునిరాజ్‌కు మాత్రం ఏళ్ల తరబడి మింగుడుపడని ముద్ద. తాను చేసిన మొహం ఒక్క పూట కూడా నిలవదు. ఈ మాట పైకి ఎన్నడూ అనలేదు. "ముక్కు యాడుండాదో, మూతి యాడుండాదో చూసేవాడు ఒక్కడు లేడు, మన్ను మాత్రం కావాల ఈళ్లకు," అని జనాన్ని తిట్టి ఊరుకునేవాడు. ఆయన భార్య అంజినమ్మ ఏటా ఆయనతోపాటు మట్టి తొక్కేది. ఆ ఊళ్లో ఆయనకు ఎదురు చెప్పగలిగింది ఆమె ఒక్కతే. "నోటికి ఇచ్చే పని కాళ్లకు ఇయ్యి. పొద్దు వాలుతా ఉండాది," అనేది.

ఇట్లా ఉండగా, బర్గూరు వైపు గ్రానైటు తవ్వించి గడించిన ఒక పెద్దమనిషికి అరవై దాటాక కళలమీద ప్రేమ పుట్టింది. హోసూరులో పచ్చగడ్డి పెంచిన ఆవరణ ఒకటి కట్టించి కొండంచు కళానిధి అని పేరు పెట్టాడు. కొత్త ఆలోచనతో వచ్చిన స్థానిక కళాకారుల్లో ఏటా ఒకరికి డబ్బిస్తామన్నారు. మొదటి ఏడు అది గోపీచంద్‌కు పోయింది. గోపీచంద్ హోసూరు కల్యాణమండపాల్లో థర్మాకోలు ఏనుగులు కోసేవాడు. ఒక చెక్కకు కొబ్బరిచిప్పలు మేకులతో కొట్టి, దానికి 'మౌనం' అని పేరు పెట్టాడు. పేపర్లో ఫోటో వచ్చింది.

"మౌనం అంట!" అన్నాడు మునిరాజ్ టీకొట్టు దగ్గర. "చిప్పలు ఎన్నడన్నా మాట్లాడినాయా, ఇప్పుడు నోరు మూసుకునేదానికి?"

ఆ మాట ఎట్లా పాకిందో, కళానిధి పనులు చూసే నితిన్ చెవిన పడింది. నితిన్‌ది ఒంగోలు. ఫ్యాక్టరీ ఆఫీసులో పనికని హోసూరు వచ్చి, అది నచ్చక ఇందులో చేరాడు. ఒక రోజు తెల్లబూట్లతో నేరుగా మునిరాజ్ టమాటా చేనిలోకి దిగాడు.

"మీ కళకి గుర్తింపు రావాలండీ," అన్నాడు.

"ఏంటికప్పా? ఆధార్ కార్డు ఉండాది నాకు."

నితిన్ పగలబడి నవ్వాడు. తిడితే నవ్వేవాణ్ణి చూస్తే మునిరాజ్‌కు ఒళ్లు మండింది. "చిప్పలు తెచ్చినోడికి ఇచ్చినారు. ఇప్పుడు నన్ను మన్ను తెమ్మంటారు. రేపు ఎవుడన్నా పేడ తెచ్చినా ఇస్తారు. మీకు డబ్బు జాస్తి అయింటే బావిలో పొయ్యండి. ఈడికి రావద్దు."

"ఒక్క మాట విని తిట్టండన్నా. సిమెంటుతో చేద్దురుగాని. మా ఆవరణలోనే ఉంటుంది. ఎవరూ పగలగొట్టరు."

మునిరాజ్ కాయలు కోస్తూనే ఉన్నాడు. కుళ్లిన కాయ ఒకటి తీసి మంచికాయల గంపలో వేశాడు. అంజినమ్మ చూసి దాన్ని తీసి పారేసింది.

వారం తిరక్కుండా హోసూరులో కమిటీ ముందు కూర్చున్నాడు. చల్లటి గదిలో ముగ్గురు. నేతచీర కట్టుకున్న ఆమె, "మీ ప్రాసెస్ గురించి చెప్పండి," అంది.

"మన్ను తవ్వేది, నీళ్లు పోసేది, తొక్కేది."

"తొక్కుతున్నప్పుడు మీ లోపల ఏం జరుగుతుంది?"

"కాళ్లు నొస్తాయి."

ఆమె రాసుకుంది. గడ్డమాయన కళ్లు మూసుకుని తలూపాడు. మునిరాజ్‌కు విసుగొచ్చి, "మీరు ముగ్గురూ ఎన్నడన్నా ఎండలో నిలబడినారా?" అన్నాడు. "ఎంత నిజాయితీ!" అన్నారు ముగ్గురూ. బతుకంతా జనాన్ని తిట్టినవాడే గాని, తిట్టును ప్రసాదంలా కళ్లకద్దుకునేవాళ్లను ఆయన చూడలేదు. ఇంటికొచ్చి, "ముగ్గురూ ఎద్దులే. కాకుంటే ఎద్దు దున్నుతాది," అన్నాడు. అయినా డబ్బు వద్దనలేదు.

ఇనపకమ్మీలు, సిమెంటు, ఇసుక, పనికి మనుషులు, అడిగిందల్లా వచ్చింది. తొందర అనే మాటే లేదు. ఆ తొందర లేకపోవడమే కొంపముంచింది. మిట్టమీద తెల్లారేలోగా ముగించాలి గనక చెయ్యి మొహంమీద ఒక్కసారే పడేది, పడినచోట కోపం నిలిచేది. ఇక్కడ తీరిగ్గా దిద్దాడు, మళ్లీ దిద్దాడు. దిద్దినకొద్దీ కోపం కారిపోయింది. చివరికి గడ్డిమీద పడుకున్నది విందుభోజనం చేసి కునుకు తీస్తున్న తాసీల్దారులా తేలింది. చేసినవాడికి తెలుసు. ప్రారంభం రోజు పెద్దమనిషి రిబ్బను కత్తిరించి, "మన నేల ఘోష ఇది," అన్నాడు. చప్పట్లు మోగాయి. మునిరాజ్ మెడలో శాలువా పడింది. నోరున్న మునిరాజ్ దాన్ని సర్దుకుని అందరికీ దండం పెట్టాడు.

"ఎట్లుండాది?" అని అంజినమ్మను అడిగాడు తిరుగు బస్సులో.

"సాంబారు బాగుండె," అంది ఆమె.

తర్వాత ఆ పచ్చిక ఆఫీసుల వాళ్లకు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే చోటయింది. దుర్యోధనుడి పొట్టమీద కూర్చుని ఫోటోలు దిగేవాళ్లు. మునిరాజ్ ఫోటో కూడా పేపర్లో వచ్చింది. దాన్ని చట్టం కట్టించి తలుపు పైన తగిలించాడు. గోపీచంద్ ఫోన్ చేసి అభినందిస్తే, "అన్నా" అని పిలిచి మాట్లాడాడు. ఆ ఏడు చివర్లో కళానిధి వాళ్లు ఆయన్ను ఎంపిక కమిటీలోకి తీసుకున్నారు. ఎందుకయ్యా అంటే, నిర్మొహమాటంగా మాట్లాడతారని. తిట్టినందుకు కాఫీ, బిస్కత్తు, రానూ పోనూ కారు ఇచ్చే చోటు ఒకటి ఉందని మునిరాజ్‌కు అప్పుడే తెలిసింది. నితిన్ అన్నా అనడం మాని సార్ అనడం మొదలుపెట్టాడు.

వచ్చిన ప్రతివాణ్ణీ చెరిగేశాడు. డోలు వాయించే ముసలాయన్ను, "పగిలిన డబ్బా దీనికన్నా మేలు" అన్నాడు. ముగ్గులేసే అమ్మాయిని, "ఇది మా ఇంటిముందర కోడి కెలుకుతాది" అన్నాడు. కమిటీ వాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. వాళ్లు అనలేనిది ఆయన అనేవాడు. పని సులువైపోయింది.

ఆ పూట ఆఖరున వచ్చింది సుమ. జవళగిరి పిల్ల. తళి దారిలో రోజాపూల షెడ్డులో కోత పని. ఆడవాళ్లతో భారతం మేళం కట్టాలని, కిరీటాలకూ భుజకీర్తులకూ సాయం కావాలని అడిగింది. తాను కట్టేది దుర్యోధన వేషం.

"ఏదీ, చూపించు," అన్నాడు గడ్డమాయన.

సుమ చున్నీ విప్పి తలకు చుట్టుకుంది. ఒక కాలు ముందుకేసి నిలబడింది. పద్యం ఎత్తకముందే గది చిన్నదైపోయినట్టు అనిపించింది. ఎత్తాక మునిరాజ్ చేతిలోకి తీసుకున్న బిస్కత్తును మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. సిమెంటులో తాను పోగొట్టుకున్నది ఆ పిల్ల కనుబొమల మధ్య కూర్చుని ఉంది. పద్యం అయిపోయింది. కమిటీ వాళ్లు అలవాటు ప్రకారం మునిరాజ్ వైపు తిరిగారు. వాళ్ల పెదవులు అప్పటికే నవ్వుకు సిద్ధంగా ఉన్నాయి.

"గొంతు బాగుండాది," అన్నాడు మునిరాజ్. "సంతలో రోజాలు అమ్మేదానికి పనికొస్తాది."

నవ్వారు. సుమ చున్నీ విప్పి భుజాన వేసుకుంది.

"మామా, బయట గడ్డిలో పడుకోనుండేది మీరు చేసిందేనంట కదా?"

"అవునమ్మా. నేనే."

"ఎవురూ లేపకండి, పాపం. బాగా నిద్ర పట్టినట్టుండాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు డబ్బు మళ్లీ గోపీచంద్‌కే పోయింది. 'మౌనం', రెండో భాగం. చిప్పలు ఇంకా పెద్దవి.

ఎండలు ముదిరాయి. సుమ మేళం జవళగిరిలో దుర్యోధన వధ ఆడుతోందని మునిరాజ్ విన్నాడు. ఇంటింటా రాగులూ పాతచీరలూ అడిగి పోగుచేశారట, కిరీటాలు అట్టతో కత్తిరించుకున్నారట. "ఆ పిల్లకు జరిగే అవమానం కళ్లారా చూసొస్తాను," అని అంజినమ్మతో చెప్పి బస్సెక్కాడు. పోయి చూస్తే మట్టిమనిషి మరీ అన్యాయం. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది, మీసం ఒక పక్కకు జారింది. మునిరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎవడు చేశాడో కనుక్కుని నాలుగు అంటిద్దామని చూస్తుండగానే తప్పెట మోగింది.

సుమ ఆ వంకర దుర్యోధనుడి రొమ్ముమీదికి ఎక్కింది. అట్ట కిరీటం, బొగ్గు మీసం. కింద హాస్యగాడి వేషంలో ఉన్నది వేలు అనే అతను, ఆ ఆడవాళ్ల మేళంలో ఒక్కడే మగవాడు. ఒకప్పుడు మునిరాజ్ ఊరి మేళంలోనే ఉండి, ఆయన నోటికి జడిసి వెళ్లిపోయినవాడు. గుంపులో ఆయన్ను గుర్తుపట్టాడు.

"మహారాజా, మహారాజా! కళానిధి అయ్యవారు హోసూరునుంచి దయచేసినారు. ఆట ఆడేదానికి అనుమతి అడిగినావా?"

సుమ ఇటు తిరిగింది. మునిరాజ్‌ను చూసింది.

"నా రొమ్ముమీద నేనే నిలబడి ఉండాను. ఇంగ ఎవుడి అనుమతిరా నాకు?"

జనం ఘొల్లుమన్నారు. ముందు వరుసలో పిల్లల నుంచి వెనక గట్టుమీది ముసలివాళ్ల వరకూ మెడలు తిప్పి ఆయన్నే చూసి నవ్వారు. మునిరాజ్ లేచి వెళ్లిపోదామనుకున్నాడు, జనం సందు ఇవ్వలేదు. మొహాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆట చూశాడు. చూసినకొద్దీ ఆ పెద్దకన్నూ చిన్నకన్నూ సుమ కాళ్లకింద మెదిలినట్టు అనిపించింది. భీముడు తరుముతుంటే ఆమె ఆ మట్టి ఒంటిమీద పరుగెత్తిన తీరుకు పక్కనున్న ముసలామె గట్టిగా ఏడ్చింది. కుండ పగిలింది. జనం మన్నుకోసం ఎగబడ్డారు. ఆ ముసలామే తిరిగొచ్చి ఒక పిడికెడు ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకోప్పా. చేనికి మంచిది."

బస్సులో కండక్టరుకు డబ్బివ్వడానికి చెయ్యి ఖాళీ లేక, ఆ మన్నును చొక్కా జేబులో వేసుకున్నాడు.

మరుసటి ఏడు కమిటీ కూర్చుంది. మునిరాజ్ బిస్కత్తు ముట్టుకోలేదు. వచ్చినవాళ్లను ఏమీ అనలేదు. గడ్డమాయన రెండుసార్లు ఆశగా ఆయన వైపు చూశాడు. ఆఖరి మనిషి కూడా వెళ్లిపోయాక మునిరాజ్ అడిగాడు.

"జవళగిరి పిల్ల రాలేదా?"

"అప్లై చేయలేదు సార్," అన్నాడు నితిన్.

"ఫోన్ చెయ్యప్పా. రమ్మను. ఈసారి ఇద్దాం."

నితిన్ ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు బల్లమీద పెట్టాడు. అవతల మోటారు చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు.

"ఈ ఏడు రాలేనన్నా. ఆటలు జాస్తిగా ఒప్పుకున్నాము. ధర్మపురి దాకా పిలుస్తా ఉండారు," అంది సుమ. మళ్లీ తానే, "ఆ అయ్యవారు ఆడ ఉండారా?" అంది.

"ఉన్నారు. వింటున్నారు."

"నమస్కారం చెప్పినానని చెప్పన్నా."

ఫోన్ పెట్టేసింది. నేతచీర ఆమె గడియారం చూసుకుంది. "అయితే వచ్చినవాళ్లలో గోపీచందే నయం. ఈసారి కొబ్బరిపీచు. 'మౌనం', మూడో భాగం. అందరికీ సమ్మతమేనా?"

రెండు చేతులు లేచాయి. కారు బయట సిద్ధంగా ఉంది. మునిరాజ్ నోటిదాకా ఏదో వచ్చింది. కొబ్బరిపీచు గురించి ఆ నోటికి మాటలు తక్కువేమీ కాదు. ఎవరిని తిట్టాలన్నదే తోచలేదు. చెయ్యి ఎత్తాడు.

ఇంట్లో అంజినమ్మ రాగిముద్ద పెట్టి పులుసు పోసింది.

"ఎవురికి ఇచ్చినారు?"

"గోపీచంద్‌కు."

"ఈసారి ఏం చేస్తాడంట?"

"పీచు."

"నువ్వు చెయ్యి ఎత్తినావా?"

"ఎత్తినాను."

ఆమె ఇంకో గరిటె పులుసు పోసింది. పులుసులో ఉప్పు తక్కువైంది. మునిరాజ్ ఏమీ అనకుండా తిన్నాడు.