పిన్ని పెట్టిన మొదటి బుట్ట

మొన్న భవానీపురంలో మా వీధి చర్చి మైకులో ఎవరో పెద్దమనిషి "అన్నీ దేవుడి చేతుల్లో వదిలెయ్యండి" అంటుంటే మా పెదనాన్న గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఆయనా అన్నీ దేవుడికే వదిలేసేవాడు, తనవి తప్ప.

తొంభైల నాటి మాట. గన్నవరం దగ్గర మా ఊళ్ళో ఆయన సంఘపెద్ద. మడత చెదరని లాల్చీ, చంకలో బైబిలు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుగా వెళ్ళి, "దేవుని చిత్తం" అని చెప్పి, కాఫీ తాగి వచ్చేవాడు. ఆయన కాలికి ముల్లు గుచ్చుకుంటే మాత్రం దేవుని చిత్తం పక్కకి పోయి బెజవాడ డాక్టరు కావలసి వచ్చేవాడు.

ఆ ఏడు కోసిన వరి పనలు చేలో ఆరుతుండగా రేడియోలో వాయుగుండమన్నారు. శనివారమే ఊళ్ళో కూలీలందరినీ పిలిపించి ఆయన తన చేను కుప్ప వేయించుకున్నాడు. పక్క చేను మా పిన్నిది. బాబాయి పోయాక ఆ ఎకరమే ఆవిడకు కూడు పెడుతోంది. ఆదివారం పొద్దున ఆవిడ కూలీలను పిలవబోతే ఈ మహానుభావుడు అడ్డం పడ్డాడు. "ఆరాధన రోజున చేలో పనేంటమ్మా? విశ్వాసం ఉండాలి. ఆయన చూసుకుంటాడు." సంఘపెద్ద వద్దన్నాక ఏ కూలీ కదులుతాడు? ఆఖరి పాట కాగానే పిన్ని చర్చికి కట్టుకొచ్చిన తెల్లచీరతోనే చేలోకి దిగింది. నేనూ వెళ్ళాను. సగం కుప్ప వేశామో లేదో, వాన దంచేసింది. మిగతా సగం నీళ్ళలో నాని మొలకలెత్తింది.

తరువాత చర్చిలో కోతల పండుగ. పండినదాంట్లో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెట్టడం మా ఆచారం. పెదనాన్న బంగారంలాంటి వడ్లు పెట్టి, నమ్మినవాడి కుప్పను దేవుడెలా కాపాడాడో సాక్ష్యం చెప్పాడు, సిగ్గు లేకుండా, కళ్ళు తుడుచుకుంటూ. పిన్ని తన బుట్ట దించింది. నల్లబడిన గింజలు, ముక్కిన వాసన.

"దేవుడికి ఇలాంటివా తెచ్చేది?" అన్నాడు.

"ఎండా ఆయనదే, వానా ఆయనదే బావగారూ. నాకీ ఏడు ఇచ్చింది ఇదేనండి, ఇదే తెచ్చాను. శనివారం మాత్రం మీకే ఇచ్చాడు."

ఆయన లాల్చీ మడత సర్దుకుని, తరువాతి పాట ఎత్తుకోమన్నాడు. మరుసటి ఏడు పిన్ని మళ్ళీ నారు పోసింది, ఆయన మళ్ళీ సాక్ష్యం చెప్పాడు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. కాలాలన్నీ దేవుడి చేతిలోవేనని పిన్నిలాగే నేనూ నమ్ముతాను. ఆ ఒక్క ఆదివారం మాత్రం మా పెదనాన్న చేతిలోది.