తట్టా, ఆటలమ్మా?

జువాలజీలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. బొద్దింక జీర్ణవ్యవస్థను చూడకుండా గీయగలను. మా రెండేళ్ళ పిల్ల ఒంటి మీద ఎర్రటి దద్దు లేచిన రోజున ఆ విద్య దేనికీ పనికిరాలేదు. మా సిలబస్‌లో మనిషి పిల్లలు లేరు.

అంతకు మూడు రోజుల ముందు నుంచే జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడ్డ కళ్ళు. నాలుగో రోజు చెవుల వెనక మొదలైన ఎరుపు సాయంత్రానికి ముఖమంతా పాకి, మర్నాటికి పొట్ట మీదికి దిగింది.

పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచే చూసి, "చెమటకాయలమ్మా, గంధం రాయి" అన్నారు.

"చెమటకాయలకి నూట మూడు జ్వరం ఎందుకొస్తుందండీ?"

"డిగ్రీ చదివావు, నీకే తెలియాలి."

మా వారు అంత దగ్గరికి కూడా రాకుండా ఆటలమ్మ అని తేల్చేశారు. ఆయన చదివింది కామర్సు.

నేను కాలేజీ రోజుల భూతద్దం తీసి పిల్లను వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఆటలమ్మ అయితే పొక్కుల్లో నీరు చేరాలి. ఒక్క నీటి పొక్కూ లేదు. పరీక్ష పాసైనంత గర్వంగా వంటింట్లోకి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, ఇది ఆటలమ్మ కాదండీ, తట్టు."

"ఏదైతే ఏంటమ్మా, వచ్చింది అమ్మవారేగా. నువ్వు పేరు కనిపెట్టావని ఆవిడేం మురిసిపోదు."

అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పోపు పెట్టకూడదు, మందు వేయకూడదు, డాక్టరు గడప తొక్కకూడదు. తట్టు పిల్లకి, చప్పిడి పప్పు మా అందరికీ.

దద్దు మాడింది. జ్వరం తగ్గలేదు. ఓ పొద్దున పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. భూతద్దం అక్కర్లేకుండానే కనిపిస్తోంది.

"డాక్టర్ని పిలుద్దామండీ" అన్నాను.

"అమ్మవారుండగా డాక్టరేంటి!" అంటూనే అత్తగారు వంగి పిల్ల డొక్క మీద చెయ్యి వేశారు. చాలాసేపు తీయలేదు. తర్వాత వీధిలోకి వినపడేలా కొడుకును కేకేశారు. "ఒరే, డాక్టరుగార్ని పిలుచుకురారా! పొద్దుట్నించీ మోకాళ్ళు నా ప్రాణం తీస్తున్నాయి."

ఆ మోకాళ్ళతోనే గంట క్రితం ఊరి చివరిదాకా నడిచి వేపమండలు కోసుకొచ్చారు.

డాక్టరుగారు మోకాళ్ళను మర్యాదకు ఓసారి చూసి, స్టెతస్కోపు పిల్ల గుండెల మీద పెట్టారు. "తట్టేనమ్మా. నెమ్ము చేసింది. ఇంకో రోజు ఆగి ఉంటే..." అంటూ మందుచీటీ తీశారు.

"చీటీ మీద నా పేరు రాయండి" అన్నారు అత్తగారు. ఆయన అలాగే రాశారు. వయసు అరవై, మోతాదు అర చెంచా. ఆ మోకాళ్ళ మందు మూడు పూటలా ఆవిడే పిల్ల నోట్లో పోశారు.

మూడో రోజుకి డొక్కలు ఎగరడం ఆగింది. పిల్ల అన్నం కావాలని ఏడ్చింది. ఆ ఏడుపు అంత హాయిగా ఎప్పుడూ వినలేదు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?" అని అడిగాను.

"గుణం కనిపించిందమ్మా" అన్నారు, పిల్ల డొక్క మీద చెయ్యి తీయకుండానే.