రెండు గీతల వంశం

మా అత్తకు ఒక నాన్న ఉండేవాడు. ఆయనకొక నాన్న, ఆ నాన్నకు మరొక నాన్న. భూమ్మీద ఎవరికైనా ఇంతే గదా, దీన్ని రుజువు చేసుకునేదేముంది అనుకునేవాణ్ణి. చేసుకోవాలట. కాగితం మీద లేని ముత్తాత ముత్తాతే కాడట. ఈ సంగతి మాకు మార్కెట్టు ఆఫీసువాళ్లు నేర్పారు.

అత్త అంటే మా నాన్న అక్క. పాత మార్కెట్టు ముందు వరండాలో మూడో స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. తెగిన బ్యాగులు, ఊడిన పట్టీలు, నోరు మూసుకోని జిప్పులు బాగుచేస్తుంది. వీధి వీధంతా ఆమెను జిప్పుల అత్త అనే పిలుస్తుంది, ఆమెకంటే పెద్దవాళ్లతో సహా. ముందు ఒక చెక్కపెట్టె. అందులో తోలు కుట్టే ఆరె, పట్టకారు, మైనం రాసిన దారం ఉండలు, పాత బ్యాగుల నుంచి ఊడదీసిన రన్నర్ల డబ్బా. జిప్పు పాడైందని ఎవరు తెచ్చినా వెంటనే కొత్తది వేయదు. రన్నర్‌ను పట్టకారుతో అటొక నొక్కు, ఇటొక నొక్కు నొక్కి, పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రాసి లాగి చూస్తుంది. నడిచిందంటే, "తీసుకుపోండి, దీనికేం రోగం లేదు, తొందరంతా మీ చేతికే" అంటుంది.

"ఇట్లా అయితే పనెట్లా దొరుకుతుందత్తా?" అని నేనంటే, "బాగున్నదాన్ని చెడిందని చెప్పమంటావా? అందుకు వేరేవాళ్లున్నార్లే" అంటుంది.

ఆ స్తంభం దగ్గర ఆమెకు ముందు వాళ్ల నాన్న కూర్చున్నాడు. అంతకుముందు ఆ నాన్నకు నాన్న. మార్కెట్టు కట్టిన కొత్తలో ఆ చోటు మొదట దొరికింది ఆయనకే.

ఐదో స్తంభం మావయ్యది. ఆయన కళ్లజోళ్లు బాగుచేసేవాడు, ఆయనదీ అక్కడ మూడో తరమే. పెళ్లికి ముందు ఆయన సంచి పట్టీ వారం వారం తెగేదట. "తెగిన చోట పీలికలు ఉండాలా లేదా? నున్నగా బ్లేడు గాటు ఉండేది," అని అత్త ఇప్పటికీ నవ్వుతుంది. అలా కుట్టించుకుని కుట్టించుకుని ఆయన పెళ్లిదాకా లాక్కొచ్చాడు. వాళ్లకు పిల్లల్లేరు. మావయ్య పోయాక ఆ చోటు ఖాళీగానే ఉంది. అత్త పొద్దున్నే తన చోటు ఊడ్చుకుని, చీపురు కింద పెట్టకుండా నడిచివెళ్లి అదీ ఊడ్చి వస్తుంది.

కిందటేడు వరండా గోడకు నోటీసు అంటించారు. మార్కెట్టుకు పూర్వపు అందం తెస్తారట. వరండాలో మొదట చోటు పొందినవారి వారసులమని రికార్డు ప్రకారం చూపించినవాళ్లకు తిరిగి చోటిస్తారు. కుటుంబానికి ఒక చోటే. మిగిలినవి వేలం. వరండాకు సరిగ్గా వెనక బట్టల షావుకారుగారి కొట్లు మూడున్నాయి. వాటికి వీధి దాకా అద్దాలు బిగించుకోవాలని, మేం అడ్డంగా ఉన్నామని ఆయన చాలాకాలంగా అంటూనే ఉన్నాడు. వేలం ఎవరికోసమో మాకు విడమర్చి చెప్పక్కర్లేదు.

"మనకేం భయంరా, మా తాత కూర్చున్న చోటేగా," అంది అత్త.

ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అందుకని నన్ను తోడు తీసుకుని రికార్డు గదికి బయల్దేరింది. రెండో స్తంభం దగ్గర గొడుగులు బాగుచేసే ఆయన కూడా మా వెంట వచ్చాడు. ఆ గది మెట్ల కింద ఉంది. పగిలిన కిటికీకి అట్టముక్క అడ్డుపెట్టారు. కాగితాల కట్టల్లో సగం తాళ్లు తెగి నేలమీద పడున్నాయి. గుమస్తా ఒక పొడుగాటి పుస్తకం తీసి, దుమ్ము మా వైపు దులిపి, బల్ల మీద పెట్టాడు.

"అసలు పుస్తకం నీళ్లలో నాని పోయింది. ఇది చూసి రాసిన నకలు," అన్నాడు.

మొదటి గడిలో స్తంభం, రెండో గడిలో చోటు పొందిన మనిషి పేరు, మూడో గడిలో అతని తండ్రి పేరు. మొదటి స్తంభం తాళాలు బాగుచేసే ఒకాయనది. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు గుండ్రటి దస్తూరీలో చక్కగా ఉన్నాయి. ఆ కింద మనుషుల పేర్లయితే ఉన్నాయిగానీ, తండ్రి పేరు గడిలో ప్రతి వరసలోనూ రెండు చిన్న గీతలే. పేజీ చివరిదాకా అవే.

"ఈ కుట్లేంటి?" అంది అత్త.

"పైన రాసిందే కిందా అని అర్థమమ్మా," అన్నాడు గుమస్తా.

"అంటే?"

"అంటే, మొదటాయన తండ్రే వీళ్లందరికీ తండ్రి."

గొడుగులాయన పేజీ మీదికి వంగి పై నుంచి కింది దాకా చూశాడు. "ఇంతమందిని కన్నాడంటే ఇంకే పనీ చేసుండడు మహానుభావుడు," అన్నాడు. "ఇన్నాళ్లూ వదినా వదినా అని ఆటపట్టించాను. ఇకనుంచి అక్కా అని ఒద్దికగా ఉండాలి కాబోలు."

అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే వేలు కిందికి జరిపింది. మూడో స్తంభం, రెండు గీతలు. నాలుగు, రెండు గీతలు. ఐదు దగ్గర వేలు ఆగింది.

"ఇది మీ మావయ్య వాళ్ల తాతదేనా?"

"ఆయనదే అత్తా."

"అంటే మా తాతా, ఆయన తాతా అన్నదమ్ములు."

అన్నదమ్ముల కొడుకులు అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు. మన వరసల్లో ఇది ఎవరికీ నేర్పనక్కర్లేదు.

"నా మొగుణ్ణి నాకు అన్నను చేసి పెట్టారురా," అంది అత్త. గొడుగులాయన కూడా నవ్వు ఆపేసి, చేతిలో గొడుగు లేకపోయినా ఉన్నట్టు వేళ్లు ముడుచుకున్నాడు.

"రాసినవాడికి చెయ్యి నొప్పెట్టుంటుందమ్మా. కానీ పుస్తకంలో లేంది నేనెక్కణ్ణించి తేను?" అన్నాడు గుమస్తా.

నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే. ఆ నకలు రాసినవాడు ఎవడో నాకు తెలియదు. ఎండలో పిల్లల్ని వెంటేసుకుని వచ్చి నాన్న పేరు చెప్పి రాయించుకున్న మనుషులు వాళ్లు. ఆ పేర్లు అసలు పుస్తకంలో ఉండే ఉంటాయి. వాటిని చూసి రాయడానికి ఒక్కో వరసకు ఒక్క ఊపిరి పట్టేది. గొడుగులు, సంచులు, కళ్లజోళ్లు బాగుచేసేవాళ్లకు అంత ఊపిరి దేనికి అనుకున్నాడు. టిక్కు టిక్కు అనిపించుకుంటూ కిందికి దిగిపోయాడు. అట్లా దిగిపోయినందుకు అతనికి జీతం కూడా వచ్చింది.

అక్కణ్ణుంచి మార్కెట్టు ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు.

"నియమం స్పష్టంగా ఉంది. కుటుంబానికి ఒక చోటు. రికార్డు ప్రకారం మీరంతా ఒకే కుటుంబం. మీలో మీరు మాట్లాడుకుని ఒకరి పేరివ్వండి."

"మేం ఒకే కుటుంబం కాదండి," అంది అత్త.

"కాదా? అయితే మీరు వారసులు కారు. పుస్తకంలో ఉన్నవాళ్లంతా ఆ ఒక్క తండ్రి పిల్లలే."

అవునంటే వరండా అంతటికీ ఒక్కరు మిగులుతారు. కాదంటే ఒక్కరూ మిగలరు. ఆయన దీన్ని మాకు అర్థమయ్యేలా నిదానంగా రెండుసార్లు చెప్పాడు. తెలివితక్కువవాళ్లతో ఓపిగ్గా మాట్లాడుతున్నాననే తృప్తి ఆయన మొహంలో కనిపించింది.

మేం ఊరుకోలేదు. మనిషి ఎక్కడ కూర్చున్నా చివరికి పోయేచోట ఇంకొక పుస్తకం ఉంటుందని తోచి, శ్మశానం ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసంటే గేటు పక్కన రేకుల గది. కాపలా మనిషి తుప్పు పట్టిన ట్రంకుపెట్టె తాళం తీసి, "చూసుకోండి, వీళ్లెవరూ కాదనరు," అని బయట కూర్చున్నాడు. నేను పనిచేసే జెరాక్సు కొట్టుకు సెలవు వచ్చినప్పుడల్లా ఇద్దరం వెళ్లి పేజీలు తిప్పాం. పురుగులు కొట్టిన చోట అత్త తన పట్టకారుతో అతుక్కున్న కాగితాలు విడదీసేది.

"ముందు మావయ్యవాళ్లది వెతుకు," అంది మొదటిరోజే.

"చోటు కావాల్సింది నీకు గదత్తా."

"నాది ఎక్కడికీ పోదు. ముందు ఆయన్ని నా అన్న కాకుండా చెయ్యి."

దొరికాయి. మావయ్య తాత, కళ్లజోళ్ల పని, మార్కెట్టు వరండా, తండ్రి పేరు ఫలానా. కొన్ని పుస్తకాల తర్వాత మా అత్త తాత, సంచుల పని, మార్కెట్టు వరండా, ఆయన తండ్రి పేరు వేరొక ఫలానా. ఆ పేరు ఇక్కడ రాయను. అది రాయాల్సిన చోటు వేరే ఉంది. ఆ రేకుల గదిలో రాసినవాళ్లు ఒక్క వరసలోనూ గీతలు పెట్టలేదు. ఈ ఊళ్లో బీదవాడికి అతని తండ్రిని అతనికి పూర్తిగా రాసివ్వాలంటే ముందతను చావాలి.

నకళ్లు తీసుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లేసరికి ఎదురు కుర్చీలో షావుకారుగారు టీ తాగుతున్నారు. వారసుల విచారణ రోజు గనక పొడుగాటి పుస్తకం బల్ల మీదే ఉంది. ఆఫీసరు మా కాగితాలు చూసి పక్కన పెట్టేశాడు.

"ఇవి శ్మశానం వాళ్లవి. మా శాఖవి కావు."

"మనిషి ఆయనే గదండీ," అన్నాను.

"చచ్చినవాడు వాళ్లకు, కూర్చున్నవాడు మాకు. రెండూ కలపకూడదు."

ఆయన నాకు ఇంకా ఏదో చెబుతున్నాడు. అత్త వినడం లేదు. పుస్తకం దగ్గరికి జరిగి పేజీ తిప్పింది. ఆ పేజీలో వరండా వెనక కొట్ల జాబితా మొదలవుతుంది. అందులో మొదటి వరస మీద వేలు పెట్టింది.

"ఒరే, ఈ కుట్లు ఇక్కడా ఉన్నాయేంట్రా?"

చూశాను. మొదటి పేరు షావుకారుగారి తాతది. తండ్రి పేరు గడిలో రెండు గీతలు. ముందు పేజీ అలవాటున నకలు రాసినవాడి చెయ్యి ఒక్క వరస ముందుకు జారింది. పెద్దవాళ్ల పేజీలోకి వచ్చానని రెండో వరసలో తెలిసొచ్చినట్టుంది. అక్కణ్ణుంచి తండ్రుల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. నేను ఆ మొదటి వరస పైకే చదివాను.

అత్త షావుకారుగారి వైపు తిరిగింది. "బాగున్నావా అన్నయ్యా," అంది.

ఆయన టీ కప్పు దించాడు. "ఏమ్మా, ఏం మాటలవి?"

"మీ తాతా మా తాతా ఒక తండ్రి బిడ్డలంట. ఈయనగారి పుస్తకమే చెబుతోంది. ఇన్నాళ్లూ పక్కపక్కనే ఉండి కూడా పలకరించుకోలేదు." ఆఫీసరు వైపు తిరిగింది. "కుటుంబానికి ఒక చోటే అన్నారు గదండీ. మా అన్నయ్యకు మూడు కొట్లున్నాయి."

ఆఫీసరు పుస్తకం తన వైపు లాక్కుని చూశాడు. "ఇది రాతలో పొరపాటు," అన్నాడు.

"మరి మాది?"

"మీది రికార్డు."

ఆయన ఈ మాట నవ్వకుండా అన్నాడు. ఎర్ర కలం తీసి, "మీ తాతగారి తండ్రిగారి పేరు చెప్పండి సార్," అని షావుకారుగారిని అడిగాడు. షావుకారుగారికి తెలియలేదు. కాసేపు పైకప్పు వైపు చూసి, ఫోను తీసి ఇంట్లో ఎవరినో అడిగాడు. వాళ్లూ ఇంకెవరినో అడిగినట్టున్నారు. ఆయన ఫోను చెవిదగ్గర పెట్టుకుని మేం ఉన్నామన్న ఇబ్బందితో గోడ వైపు తిరిగాడు. చివరికి ఒక పేరు వచ్చింది. ఏ కాగితమూ లేదు, ఏ సాక్షీ లేడు. ఆఫీసరు రెండు గీతలు కొట్టేసి ఆ పేరు రాశాడు. ముద్ర వేయాలని లేచి బీరువా దగ్గరికి వెళ్లాడు. కలం పుస్తకం మీదే ఉంది.

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీ వెనక్కి తిప్పింది. ఎర్ర కలం తీసుకుని ఐదో స్తంభం వరసలో గీతలు కొట్టేసి, పక్కన మావయ్య తాత తండ్రి పేరు రాయడం మొదలుపెట్టింది. బ్యాగులకు కట్టే చీటీల మీద పేర్లు రాసినట్టే, ఒక్కో అక్షరం విడిగా, గట్టిగా నొక్కి. షావుకారుగారు చూస్తూనే ఉన్నాడు. ఒక ఆడమనిషి ఆఫీసు పుస్తకంలో రాస్తుందని నమ్మడానికి ఆయనకు వ్యవధి పట్టింది. ఆ పేరు పూర్తయింది. అత్త పైకి జరిగి మూడో స్తంభం వరసలో గీతలు కొట్టేసి తన తాత తండ్రి పేరు మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి ఆఫీసరు వచ్చి పుస్తకం లాగేశాడు. చివరి అక్షరం తోక పేజీ అంచు దాకా సాగింది.

ప్రభుత్వ రికార్డు పాడుచేసినందుకు అత్త మీద కేసు పెట్టారు. అదే బల్ల, అదే పుస్తకం, అదే కలం, అదే పూట. తనకు తెలియని పేరు ఫోనులో అడిగి రాయిస్తే దాని పేరు సవరణ. తెలిసిన పేరు, నకలుతో సహా తెచ్చిన పేరు రాస్తే నేరం. దీన్ని నేను ఎవరికి చెప్పినా, "అయినా మీ అత్త అలా చేయకుండా ఉండాల్సింది" అంటారు. ఏం చేయాల్సిందో మాత్రం ఒక్కరూ చెప్పరు.

కేసు పెట్టేటప్పుడు వాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. నేరం జరిగింది పుస్తకంలో గనక పుస్తకమే సాక్ష్యం. దాన్ని గుడ్డలో చుట్టి, లక్క వేసి కోర్టుకు పట్టుకుపోయారు. పుస్తకం లేకుండా ఎవరు వారసులో, ఎవరు కాదో తేల్చడానికి వీల్లేదు. తేలనిదే వేలం లేదు. షావుకారుగారు తెప్పించిన అద్దాలు గడ్డి చుట్టిన చట్రాల్లో కొట్టు వెనక గోడకు ఆనుకుని ఉన్నాయి. వరండాలో అందరూ ఎవరి స్తంభం దగ్గర వాళ్లు కూర్చున్నారు. దీన్ని న్యాయం అని నేననను. కేసు తేలేదాకా దొరికిన గడువు ఇది.

మొన్న వాయిదా ముందురోజు అత్త ఒక స్కూలు బ్యాగుకు పట్టీ కుడుతూ అడిగింది. "సగమే రాశాన్రా. మిగతా సగం అక్కడే రాయనివ్వమని జడ్జిగారిని అడగొచ్చా?"

"అట్లా అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందత్తా."

"ఒప్పుకోనా మరి? మా తాతకు నాన్న ఉన్నాడని ఒప్పుకోవడానికి నాకు భయమేంటి?"

దారం పంటితో తెంపి, బ్యాగు పక్కన పెట్టి, పెట్టె మూసింది. మధ్యాహ్నం గాలికి వరండాలోకి చెత్త కొట్టుకొచ్చింది. చీపురు తీసుకుని ముందు ఐదో స్తంభం వైపు నడిచింది.