నేల తగలకూడని ఆనపబుర్ర

అరకు సంతలో సోములమ్మ ఎప్పుడూ రోడ్డు వారనే కూర్చునేది. కొండచీపుర్లు, పసుపు, వెదురు తట్టలు అమ్మేది. ఎవరైనా బేరం సాగదీస్తే మొహం తిప్పుకుని తట్టలు సర్దుకునేది. నా భార్య లావణ్యకి ఆ పెంకితనమే నచ్చింది. విశాఖ నుంచి ఎప్పుడు వెళ్లినా పసుపు ఆమె దగ్గరే కొనేది.

ఆ చైత్రంలో మేం వెళ్లేసరికి సోములమ్మ లేదు. ఆమె కొట్టు కూడా పక్కనున్న రమణమ్మే చూస్తోంది. శృంగవరపుకోట నుంచి వచ్చి కాఫీపొడి అమ్ముకునే మనిషి. సోములమ్మ పాక గుంజకి ఎండు ఆనపకాయ బుర్ర ఒకటి వేలాడుతోంది. పొగకి నల్లబడి నిగనిగలాడుతోంది. మూతికి మట్టి మెత్తి ఉంది. ఊపితే లోపల గలగలమంది.

"కిటికీ పక్కన పెడితే ఎంత బావుంటుందో!" అంది లావణ్య.

"ఇది అమ్మకానికేనా?" అన్నాను.

"ఏలాడగట్టినవన్నీ అమ్మకానికే బాబూ. టూరిస్టులకి కనబడాలనే కదా కడతారు," అంటూ రమణమ్మ తాడు విప్పేసింది.

ఊరు దాటాక వెనక నుంచి ఆగకుండా హారన్ మొదలైంది. "ఎవడో బండి మీద ఎంటపడ్డాడండి," అని డ్రైవర్ గోపి వేగం పెంచాడు. లావణ్య బుర్రని గట్టిగా ఒళ్లో పొదువుకుంది. బండి పక్కకొచ్చింది, మళ్లీ వెనకబడింది. ఆ దారిన రైలు గేటు పడకపోయుంటే ఏమయ్యేదో.

గేటు దగ్గర కారు ఆగగానే అద్దం మీద అరచేత్తో ఒకటే దెబ్బలు. చూస్తే సోములమ్మ. జుట్టు విడిపోయింది, ఊపిరి అందడంలేదు. ఆమె భర్త గాసి బండి పడేసి పరిగెత్తుకొస్తున్నాడు.

"నా బుర్ర ఇచ్చెయ్ తల్లీ! అది అమ్మేది కాదు!"

లావణ్య తలుపు తీసి దిగింది. గోపి అడ్డం వచ్చాడు. "అమ్మీసి మళ్లీ ఎనక్కి అడగడమేటి? నడిరోడ్డు మీద ఈ గోలేటి?" అంటూ లావణ్య చేతిలోని బుర్ర లాక్కున్నాడు. "ఇదిగో, ఇక్కడ పెడతన్నాను, ఒట్టుకుపో!" అని రోడ్డు మీదకి వంగాడు.

"పెట్టకు బాబూ! నేలకి తగలనీకు!"

అంతటి పెంకిమనిషి గొంతు అలా వణకడం అదే మొదటిసారి వినడం. గోపి వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. లావణ్య మోకాళ్ల మీద కూలబడి బుర్ర కింద రెండు చేతులూ పెట్టింది.

"ఇందాకా ఎక్కడైనా కింద పెట్టీసారా? నిజం సెప్పమ్మా," అంది సోములమ్మ.

"లేదమ్మా. నా ఒళ్లోనే ఉంది."

సోములమ్మ లావణ్య కళ్లలోకి చూసింది. తర్వాత బుర్ర అడుగుని వేళ్లతో తడిమి, వేళ్లు చూసుకుంది. దుమ్ము లేదు. అప్పుడు ఏడ్చింది.

అందులోవి సామ విత్తనాలు. నిరుటి వానకి ఆమె ఇంట్లో గింజ మిగల్లేదు. పెదబయలు దగ్గరి పుట్టింటికి వెళ్లి తల్లి దాచిన విత్తనం తెచ్చుకుంది. విత్తనాలకి పూజ చేసే ఇటుకల పండుగనాడు దాన్ని ఊరి దేవుడి ముందు పెట్టాలి, తర్వాతే చేలో చల్లాలి. ఈలోగా నేల తగిలితే నాటేసినట్టే లెక్క. నాటిన విత్తనాన్ని దేవుడి ముందుకి రానివ్వరు. అందుకే సంతలోనూ గుంజకి కట్టింది.

"అమ్మకానికి ఏలాడగట్టింది అనుకుందా రమణమ్మ?" అన్నాడు గాసి. "మరి నన్నూ గుంజకి కట్టీకపోయావా, ఎవరో కొనుక్కుపోదురు!"

సోములమ్మ కళ్లు తుడుచుకుంటూనే, "నిన్నెవరు కొంతారు?" అంది. గేటు లేచింది. ఆమె బుర్రని గుండెకి హత్తుకుని బండెక్కింది.

చలికాలంలో నేనొక్కణ్ణే వెళ్లాను.

"అమ్మ ఏదీ?" అంది సోములమ్మ.

లావణ్య ఇక లేదని చెప్పాను. ఆమె మొహం తిప్పుకుని తట్టలు సర్దుకుంది.

"సామలు పండాయా?" అని అడిగాను. లావణ్య ఉంటే ముందు అదే అడిగేది.

"పండాయి బాబూ."

గుంజకి కట్టిన బుర్ర ఒకటి విప్పి నా చేతుల్లో పెట్టింది. "ఇది ఖాళీదే. ఎక్కడైనా పెట్టుకో."

కిటికీ పక్కన పెట్టాను.