బట్టమేకను చూశామన్నవాళ్లు

మా ఇంటి మేడ మీది గదికి అద్దెకు వచ్చిన రోజే ఆ అమ్మాయి చెప్పింది, తాను వెతుకుతున్నది బట్టమేక పిట్టనని. నాకు నవ్వొచ్చింది. కర్నూలు జిల్లా బీళ్లలో వానలు పడగానే ఆ పిట్ట కనిపించేదని మా నాయన చెప్పేవాడు. మేకపిల్లంత ఎత్తు, తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటోపీ పెట్టినట్టు ఈకలు. మగది గొంతు ఉబ్బించి కూస్తే దూరపు చేలదాకా వినపడేదట. పెట్టేది ఒక్క గుడ్డు, అదీ ఒట్టి నేల మీద.

"ఇంత తెలివితక్కువ పిట్ట ఇంకా బతికుంటుందా?" అన్నాను.

"దానికి కావాల్సింది గడ్డినేల మేడం. అది ఉన్నన్నాళ్లూ దాని తెలివి దానికి సరిపోయింది" అంది.

ఆదోని వైపు పత్తి రైతుల పిల్ల. కర్నూల్లో చదువుకుంది. అంతరించిపోతున్న జీవాల మీద పని మొదలుపెట్టే యువతకు చేయూతనిచ్చే విదేశీ సంస్థ ఒకటి ఆమెకు ఏడాది ఖర్చులు ఇచ్చింది, పని నేర్పే పెద్దలను చూపించింది. మేడ మీద సిగ్నల్ సరిగా రాదు కాబట్టి వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడే రోజు కిందికొచ్చి మా హాల్లో కూర్చునేది. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. ఎక్కడో ఒక దీవిలో తాబేళ్లను కాపాడే కుర్రాడు, ఆఫ్రికాలో రాబందుల కోసం తిరిగే అమ్మాయి, కొండల్లో కప్పల్ని వెతికే మరో అమ్మాయి. అందరూ ఆ సంస్థ చేయూత అందుకున్నవాళ్లే, అందరిదీ అరకొర ఇంగ్లీషే. ఒకరి మాట ఒకరికి అర్థం కాక నవ్వుకునేవాళ్లు. నా జీవితమంతా యువకుల మధ్యే గడిచింది. హేతువాద సభల్లో వాళ్ల ఆవేశం చూశాను. ఒక జీవి కోసం నెలల తరబడి ఎండలో మాట్లాడకుండా కూర్చునే ఓపిక మాత్రం ఈ పిల్లల దగ్గరే చూశాను.

ఆమె తిరిగే బీడు ప్రభుత్వ భూమి. నాలుగు ఊళ్ల గొర్రెలు అక్కడే మేస్తాయి. అందులో సోలార్ ప్లేట్లు వేయాలని నిర్ణయం జరిగింది. సూర్యుడి కరెంటుకు నేను వ్యతిరేకిని కాను, దానికోసం వ్యాసాలు రాసినదాన్ని. అయితే ఆ బీడును 'పనికిరాని భూమి' అని కాగితాల మీద రాశారు. అక్కడే నా ఒళ్లు మండింది. ఎవరికి పనికిరానిది? ఒక అధికారి మాత్రం ఆమెతో మర్యాదగానే అన్నాడు, "ఈ ఏడాది పిట్ట కనబడిందని నమ్మదగిన సాక్ష్యం తేమ్మా. ఆ నేలను వదిలేయమని పైకి రాస్తాం."

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. ముగ్గురు గొర్రెల కాపరులు బట్టమేకను చూశారట. ఆమెకంటే నేనే ఎక్కువ పొంగిపోయాను. అంతలో ఆమే అంది, "ఆఫీసులో ఎట్లాగూ అడుగుతారు మేడం. ముందు మీరే అడగండి. మీరడిగాక నిలబడితే ఇంక ఎవరడిగినా నిలబడుతుంది."

కడపలో మేం వాదం నేర్చుకున్న రోజుల్లో మా గురువు ఒకటే చెప్పేవాడు: నీకు ఇష్టమైన మాటనే ముందు నిలదీయమని. దేవుడి పటాల నుంచి విభూతి రాలిందన్నవాళ్లను అట్లాగే అడిగేవాళ్లం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, జవాబును ప్రశ్నలో పెట్టకుండా.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గొర్రెలు తుమ్మచెట్ల నీడకు చేరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. పెద్ద కాపరి, ఆయన తమ్ముడు, ఆ తమ్ముడి అల్లుడు ఉన్నారు. పెద్దాయన భార్య సద్ది తెచ్చింది.

"ఈ మేడం దేవుణ్నే ప్రశ్నలడుగుతాదంట. మన గతేమప్పా?" అన్నాడు అల్లుడు.

"దేవుడు జవాబు చెప్పలేదులే. నువ్వన్నా చెప్పు" అన్నాను. అందరూ నవ్వారు.

ముందు తమ్ముణ్ని పక్కకు పిలిచాను.

"యాడ చూసినావప్పా?"

"ఆ గుట్ట కింద మేడం."

"ఏం చేస్తాండె?"

"నిలబడిండె."

"నిన్ను చూసి ఎగిరిందా?"

"ఎగర్లే."

"నడిచిపోయిందా?"

"నడవలా. నిలబడే ఉండె."

"మరి నువ్వు పోయినాక?"

"నేను వెనక్కి తిరిగి చూడలా మేడం. మంద ముందుకు పోతాంటే దాన్ని చూస్తా కూచుంటానా?"

అల్లుడు కుంట దగ్గర నీళ్లు తాగుతుంటే చూశానన్నాడు. అది ఒకటి కూడా కాదు, జత. కుంటలో నీళ్లెన్ని ఉన్నాయంటే తల గోక్కున్నాడు. కుంట ఉగాదికే ఎండిపోయింది. ఇక పెద్దాయన. నేను అడగకముందే ఆయన లేచి ఒంటికాలి మీద నిలబడి, మెడ ఎడమకు తిప్పి చూపించాడు. "ఇట్ల ఉండె మేడం. కుడికాలు ఎత్తిండె."

నా వెనక నిలబడ్డ అమ్మాయి ఫోను తీసి, అందులో తాను ఊరందరికీ చూపించే ఫోటోను చూసుకుంది. అందులోని పిట్ట మెడ ఎడమకు తిరిగి ఉంది. కుడికాలు ఎత్తి ఉంది. ఫోనును సంచిలో పెట్టుకుంది.

"అడిగింది చాల్లే మేడం" అంది పెద్దాయన భార్య, సంగటి ముద్ద నా చేతిలో పెడుతూ. "నేను చెప్తా. ఈ పాప ఎండనక వాననక వస్తాది. వచ్చినప్పుడల్లా 'కనపడిందా పెద్దమ్మా' అంటాది. ఎన్ని తూర్లు లేదని చెప్పల్ల? ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఒట్టి ఒడితో పంపుతామా? దాని మొగం చూడలేక నేనే మా ఆయనకు చెప్పినా, చూసినా అనరాదా, నీ సొమ్మేం పోతాది అని. ఈయన చెప్తే తమ్ముడు చెప్పె. తమ్ముడు చెప్తే వాని అల్లుడు జత అనె. వానికి అన్నీ ఎక్కువే."

మా సీమలో ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు ఒడిలో బియ్యం పోస్తారు. ఏమీ లేని ఇంట్లోనూ గుప్పెడైనా పోస్తారు. వీళ్ల దగ్గర పిట్ట లేదు. ఉన్నట్టుగా పోశారు. డబ్బు కోసం, పేరు కోసం, భక్తుల కోసం అబద్ధమాడేవాళ్లను ఎదుర్కోవడం నాకు తెలుసు. అలసిన పిల్ల ముఖం చూడలేక ఆడిన అబద్ధం ముందు ఎట్లా నిలబడాలో మా గురువు నేర్పలేదు.

"నేను చూసింది అబద్ధం గాదు" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నా చిన్నప్పుడు శానా చూసినా. ఇప్పుడే లేదు." తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. "పాపా, పిట్ట ఉండాదంటే ఈ బీడు ఉంటాదంట గదా. లేదంటే ప్లేట్లు ఏస్తారంట. లేదని రాస్తావా?"

ఆమె గడ్డిపోచలు పీకుతూ కూర్చుంది. "చూడనిది చూసినట్టు రాయలేను తాతా."

"మా గొర్రెలు మేస్తాండాయి గదా. అదన్నా రాయి."

"రాస్తా."

రాసింది. గొర్రెల గురించి, నక్కల గురించి, గడ్డిలో గూడు కట్టే చిన్న పిట్టల గురించి, అక్కడ బట్టమేక తిరిగి రావడానికి మిగిలి ఉన్న అవకాశం గురించి. బట్టమేక కనబడలేదని మొదటి వాక్యంలోనే రాసింది. మేమిద్దరం తీసుకెళ్తే ఆఫీసులో ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగారు. "గొర్రెలు అంతరించే జీవాలు కావు కదమ్మా" అన్నారు.

నేను లేచి గట్టిగానే మాట్లాడాను. రాతిబొమ్మ పాలు తాగిందంటే ఒక్క ప్రశ్న వేయని దేశం, పిట్ట బతికుందంటే ఫోటో అడుగుతోంది. అడగడం సరైనదే. కానీ ఆ భూమి పనికిరానిదని రాసిన చేతిని ఎవరైనా సాక్ష్యం అడిగారా? ఏ కాపరిని అడిగి రాశారు? నా మాటలు శ్రద్ధగానే విన్నారు. టీ తెప్పించారు. నిర్ణయం మారలేదు. ఆ కాపరులను ప్రశ్నించి తప్పు చేశానని నేను ఈనాటికీ అనుకోను. అయినా ఆ నెల చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆఖరి కాల్‌లో పిల్లలందరూ తమ ఏడాది పని చెప్పారు. ఈమె వంతు రాగానే ఒక్క పిట్టా కనబడలేదనీ, నేల కూడా పోయిందనీ చెప్పింది. అటువైపు పెద్దావిడ, లేదని తేల్చడం కూడా జ్ఞానమే, నిజాయితీగా చెప్పావు అంది. దీవి కుర్రాడు తనకూ ఈ ఏడాది ఒక్క తాబేలూ కనబడలేదన్నాడు. అందరూ ఆమెకు చప్పట్లు కొట్టారు. అందరి మైకులూ ఆపి ఉన్నాయి, చప్పట్లు వినపడవు. ఇన్ని దేశాల చేతులు శబ్దం లేకుండా కదలడం మాత్రం కనిపించింది. ఆమె తన బొమ్మ రాకుండా ఆపేసి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది.

బీడు చుట్టూ కంచె స్తంభాలు దిగిన వారం పెద్ద కాపరి మందను అమ్మేశాడు. అమ్మాయి వెళ్తానంటే నేనూ వెళ్లాను. లారీకి చెక్కపలక ఆనించి గొర్రెల్ని ఎక్కిస్తున్నారు. పెద్దాయన నన్ను చూసి పలకరించాడు. కోపం లేదు ఆయనకు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మీరడిగినాక మేము నిజం చెప్తిమి మేడం" అన్నాడు. "మేత యాడుందో మీరు చెప్పండి. ఈ బేరం ఇప్పుడే ఆపేస్తా."

నేను చుట్టూ చూశాను. కంచె ఇవతల దారి ఒక్కటే మిగిలింది.

తల్లులు ముందే ఎక్కాయి. పిల్లలు కింద నిలబడి అరుస్తున్నాయి. అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని, ఒక్కో పిల్లను పొట్ట కింద చేయి వేసి లేపి, పైన ఉన్న అల్లుడికి అందించింది. అతను ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు. తలుపు వేసి లారీ కదిలింది. పెద్ద కాపరి చేతికర్ర పట్టుకుని, రోజూ మంద వెనక నడిచినట్టే, ఆ దుమ్ములో దాని వెనక చాలాదూరం నడిచాడు.